ఆక్యుపేషనల్ థెరపీలో ఉమ్మడి డిగ్రీ: చెన్నై ప్లస్‌టూ నుంచి అమెరికా లైసెన్సు దాకా

‘అమెరికాలో బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ కలిపి అయిదేళ్లలో అయిపోతాయట, ఆక్యుపేషనల్ థెరపిస్టు అయిపోవచ్చట, నిజమేనా? ఎలా వెళ్లాలి?’ ప్లస్‌టూ చదివే పిల్లలున్న చెన్నై తెలుగు కుటుంబాలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆక్యుపేషనల్ థెరపిస్టు అంటే జబ్బు, గాయం, వైకల్యం ఉన్నవాళ్లకు రోజువారీ పనులు తమంతట తాము చేసుకోవడం నేర్పే నిపుణులు. నిజమే, వెళ్లొచ్చు. అయితే అడ్మిషన్ లెటర్ మొదటి గేటు మాత్రమే. దాని తర్వాత మాస్టర్స్ దశకు దాటించే మూడో ఏడాది గడప, రోగుల మధ్య సాగే ఫీల్డ్‌వర్క్, థెరపిస్టుల బోర్డు పరీక్ష, లైసెన్సు అని ఇంకో నాలుగు గేట్లున్నాయి. మధ్యలో ఎక్కడ ఆగినా, చేతిలో మిగిలిన కాగితంతో థెరపిస్టుగా పనిచేయలేరు. అందుకని కాలేజీ పేరు చూసి కాదు, లైసెన్సు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ప్రోగ్రామును ఎంచుకోవాలి.

1. ముందు ఆ పనిని కళ్లారా చూడండి

దరఖాస్తు ఆలోచన కంటే ముందు చేయాల్సింది ఇదే. చాలా ప్రోగ్రాములు ఆక్యుపేషనల్ థెరపిస్టు పని గమనించిన గంటలు చూపించమంటాయి. కొన్నిటికి 20 గంటలు చాలు, కొన్ని 100 దాకా అడుగుతాయి, కొన్ని అసలు అడగవు. అడగకపోయినా సరే, కనీసం 40 గంటలు చూడకుండా అయిదేళ్ల ఫీజుకు సిద్ధపడవద్దన్నది మా గట్టి మాట.

ముట్టుకాడులోని బహుళ వైకల్యాల జాతీయ సంస్థ, కె.కె. నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ, పెద్ద ఆసుపత్రుల రిహాబ్ విభాగాలు, పిల్లల థెరపీ సెంటర్లు... వీటిలో కనీసం రెండు రకాల చోట్ల అనుమతి అడగండి. ఒకటి పిల్లలది, ఒకటి పెద్దలది. స్కూలు ప్రిన్సిపాల్ సంతకంతో అర పేజీ లెటర్ పట్టుకెళ్తే పని సులువవుతుంది.

ఏం చూడాలో తెలియకపోతే గంటలు గడుస్తాయే తప్ప ఏమీ అంటదు. ఒక ఉదాహరణ. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు చొక్కా తొడుక్కోవడం నేర్పుతున్నారనుకోండి. బలహీనపడ్డ చెయ్యి ముందు లోపలికి వెళ్తుంది, బాగున్న చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. కదలని చేతికి బట్ట వదులుగా ఉండాలి, రెండో చెయ్యి అప్పటికే చొక్కాలో ఉంటే ఆ వదులు దొరకదు. ఇక గుండీల దగ్గర థెరపిస్టు తానే పెట్టేస్తున్నారా, కింది రెండూ ఆయనకు వదిలేస్తున్నారా, వెల్క్రో కుట్టించుకోమంటున్నారా? ఆయన ఇంట్లో ఎవరుంటారు, రోజూ ఏం తొడుక్కుంటారు అని అడుగుతున్నారా? ఈ వృత్తి అంతా ఆ నిర్ణయాల్లోనే ఉంది.

స్ప్లింట్లు (చేతిని సరైన స్థితిలో నిలిపే ఊతాలు) చేసే గది దొరికితే వదలకండి. థర్మోప్లాస్టిక్ షీటును సుమారు 65–75 డిగ్రీల నీళ్లలో మెత్తబరుస్తారు. తడి తుడిచి, వేడి ముందు తమ చర్మం మీద చూసుకుంటారు. రోగి మణికట్టును 20–30 డిగ్రీలు పైకి ఎత్తి పట్టుకుని అచ్చు తీస్తారు. అరగంట తొడిగించి, విప్పి, ఎక్కడైనా ఎర్రగా కమిలిందేమో చూస్తారు. కమిలితే అక్కడ మళ్లీ వేడి చేసి సరిచేస్తారు. ఈ ఓపిక మీకు నచ్చిందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

గంటల రిజిస్టరులో ప్రతి రోజుకూ ఇవి ఉండాలి:
– తేదీ, మొదలైన వేళ, ముగిసిన వేళ
– పిల్లలా, న్యూరో రోగులా, చేతి గాయాలా, మానసిక ఆరోగ్యమా అన్న వివరం
– థెరపిస్టు పూర్తి పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే అది, అధికారిక ఈమెయిల్
– సంతకం, సంస్థ ముద్ర
– మీరు గమనించిన ఒక్క విషయం, రెండు వాక్యాల్లో

ఎక్కువగా జరిగే పొరపాటు ఫిజియోథెరపీ విభాగంలో కూర్చుని ఆ గంటలు రాసుకోవడం. అవి చెల్లవు. సంతకం ఆక్యుపేషనల్ థెరపిస్టుదే కావాలి. రోగుల పేర్లు రాయకండి, ఫొటోలు తీయకండి. ఇండియాలో చూసిన గంటలు ఒప్పుకుంటారా అన్నది ప్రోగ్రామును ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

2. మూడు దారుల్లో మీది ఏదో తేల్చుకోండి

మొదటిది ఇక్కడే బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీలో బ్యాచిలర్స్. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అన్నది ఇన్నాళ్ల పద్ధతి. ఆపైన కావాలంటే రెండేళ్ల ఎంఓటీ, అంటే మాస్టర్స్. చెన్నై పరిసరాల్లో కాట్టాంకొళత్తూరు ఎస్‌ఆర్‌ఎంలో, తండలం సవీతలో ఈ కోర్సుంది. కాస్త దూరమైనా ఫరవాలేదంటే వేలూరు సీఎంసీ ఉంది. ప్లస్‌టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్పనిసరి.

రెండోది అమెరికా ఉమ్మడి డిగ్రీ. మూడేళ్లు బ్యాచిలర్స్ దశ, ఆపైన రెండు నుంచి రెండున్నరేళ్లు మాస్టర్స్ లేదా మూడేళ్లు ఓటీడీ, అంటే డాక్టరేట్. అక్కడ 2007 నుంచి ఒట్టి బ్యాచిలర్స్‌తో ఈ వృత్తిలోకి కొత్తగా రావడం కుదరదు. ఉమ్మడి ప్రోగ్రాములకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఇదే.

మూడోది అక్కడే ఏదో ఒక డిగ్రీ నాలుగేళ్లు చదివి, తర్వాత మాస్టర్స్‌కు విడిగా దరఖాస్తు చేయడం. ఒక ఏడాది ఎక్కువ పట్టినా, మనసు మారితే దారి మళ్లడానికి చోటుంటుంది.

మా సలహా సూటిగా చెప్తాం. పని చూసి, ఇదే కావాలని తేల్చుకున్న పిల్లలకు, మొత్తం ఏళ్లకు డబ్బు దారి కనిపిస్తున్న కుటుంబాలకు రెండో దారి మంచిది. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఇక్కడి బీఓటీ మేలు.

బీఓటీ ఎంచుకునేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, కాలేజీకి అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం గుర్తింపు, ప్రపంచ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ ఆమోదం రెండూ ఉన్నాయా? సమాఖ్య ప్రమాణం ప్రకారం కనీసం 1000 గంటల క్లినికల్ శిక్షణ ఉండాలి. రేపు ఏ దేశం వెళ్లాలన్నా మొదట అడిగేది ఇదే. రెండోది, 2021 జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చాక నియమాలు మారుతున్నాయి. కాబట్టి కోర్సు కాలం, నీట్ అవసరమా కాదా అన్నవి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడండి. బయాలజీ పిల్లలు ఎలాగూ నీట్ రాసి ఉంచుకోవడం మంచిది. మూడోది, ఆంధ్రా లేదా తెలంగాణ ఇంటర్ చదివి, ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం కింది కాలేజీలో చేరేవాళ్లు ఆ విశ్వవిద్యాలయం నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ ముందే చేతిలో ఉంటే మూడు వారాల పరుగు తప్పుతుంది.

అలాగే దరఖాస్తు ఫారంలో ‘ఓటీ టెక్నాలజీ’ అని కనిపిస్తే తొందరపడి టిక్కు పెట్టకండి. అది ఆపరేషన్ థియేటర్ కోర్సు.

3. ప్రోగ్రామును వడపోయండి

ఇక్కడ తీసుకున్న సమయం ఎక్కడా వృథా పోదు. బ్రోషర్ పక్కన పెట్టి స్టూడెంట్ హ్యాండ్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి. అందులో చూడాల్సినవి ఇవి.

గుర్తింపు. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చేది ఏసీఓటీఈ. దాని వెబ్‌సైట్లో ప్రోగ్రాము పేరు, డిగ్రీ స్థాయి వెతకండి. కొత్త ప్రోగ్రాములు ముందు ‘క్యాండిడసీ’, తర్వాత ‘ప్రీ అక్రెడిటేషన్’, చివరికి ‘అక్రెడిటేషన్’ దశకు వస్తాయి. చివరి దశకు రాని ప్రోగ్రాము నుంచి పట్టా తీసుకుంటే బోర్డు పరీక్షకు కూర్చోనివ్వరు. యూనివర్సిటీ పాతదే కావచ్చు, మాస్టర్స్‌కు గుర్తింపు ఉండొచ్చు, కానీ దాన్ని ఓటీడీగా మారుస్తుంటే ఆ ఓటీడీ గుర్తింపు వేరు. విడిగా చూడండి.

సీటు మాట. ‘ప్రీ ఓటీ’, ‘హెల్త్ సైన్స్, ఓటీ ట్రాక్’ అన్న పేర్లున్నంత మాత్రాన పైదశలో సీటు మీదేనని కాదు. మూడు రకాలుంటాయి: షరతులు తీరిస్తే సీటు ఖాయం, ఇంటర్వ్యూ గ్యారంటీ మాత్రమే, అందరితోపాటు మళ్లీ పోటీ. మొదటి రకాన్నే ఉమ్మడి డిగ్రీగా లెక్కేయండి.

కొనసాగింపు షరతులు. అసలు కీలకం ఇక్కడుంది. కనీస జీపీఏ, అంటే గ్రేడుల సగటు, ఎంత? సైన్స్ సబ్జెక్టులకు వేరే జీపీఏ ఉందా? అనాటమీలో బీ కంటే తక్కువ వస్తే మళ్లీ రాయనిస్తారా, ఎన్నిసార్లు? ఒక ఏడాది సెలవు తీసుకుంటే సీటు ఉంటుందా? చాలా చోట్ల మొత్తం జీపీఏ 3.0, ప్రీరిక్విజిట్ (పైదశకు ముందు తప్పక చదవాల్సిన) సబ్జెక్టుల్లో కనీసం సీ లేదా బీ అంటారు. ఆ ఒక్క అక్షరం తేడా చాలామందిని ఆపేస్తుంది.

పడిపోతే ఏమిటి. షరతు తప్పితే చేతికి ఏ డిగ్రీ వస్తుంది, ఎన్ని సెమిస్టర్లలో? హెల్త్ సైన్స్ బ్యాచిలర్స్‌తో బయటికొచ్చినవాళ్లకు తిరిగి మాస్టర్స్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంటుంది. కొన్ని చోట్ల మూడేళ్ల తర్వాత బయటపడితే డిగ్రీకి ఇంకా క్రెడిట్లు తక్కువవుతాయి. అది ముందే తెలియాలి.

ఫలితాలు. పరీక్ష నిర్వహించే సంస్థ ఎన్‌బీసీఓటీ స్కూళ్లవారీగా ఉత్తీర్ణత వివరాలు ప్రకటిస్తుంది. మూడేళ్లవి వరుసగా చూడండి. ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా తీసుకున్నారు అన్నది కూడా పక్కన పెట్టి చూస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది.

రెండు పొరపాట్లు మరీ ఎక్కువ. ఒకటి, ‘పోస్ట్ ప్రొఫెషనల్’ మాస్టర్స్‌ను చూసి ఇదే అనుకోవడం. అది అప్పటికే థెరపిస్టు అయినవాళ్లకు. ఆ డిగ్రీ ఒక్కటే చూపించి బోర్డు పరీక్షకు వెళ్లలేరు. మీకు కావాల్సింది ‘ఎంట్రీ లెవల్’. రెండోది, ఓటీ అసిస్టెంటు కోర్సును దీనితో కలపడం. అది వేరే అర్హత, వేరే పరీక్ష, వేరే జీతం.

4. డబ్బు లెక్క మొత్తం ఏళ్లకూ వేయండి

మొదటి ఏడాది ట్యూషన్‌ను అయిదుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. ఏటా 4 శాతం పెరుగుతుందనుకోండి: మొదటి ఏడాది 100 అయితే అయిదేళ్లకు 500 కాదు, సుమారు 542. పైగా ప్రొఫెషనల్ దశలో ఫీజు రేటే మారుతుంది, వేసవి సెమిస్టర్లకు విడిగా బిల్లు వస్తుంది. మొదటి నాలుగేళ్లకు ఇచ్చిన స్కాలర్‌షిప్ నాలుగో ఏడాది మాస్టర్స్ దశ మొదలవగానే ఆగిపోతుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. చాలా కుటుంబాల లెక్క తలకిందులయ్యేది అక్కడే.

ఎఫ్‌-1 వీసా మీద చదివే విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ రుణాలు రావు. ఫీల్డ్‌వర్క్ మామూలుగా జీతం లేని పని. వేరే ఊళ్లో పడితే అద్దె, బస్సు లేదా కారు ఖర్చు మీదే. ఇక్కడి బ్యాంకు రుణం అడిగేటప్పుడు మొదటి ఏడాదికి కాదు, చివరి సెమిస్టరు దాకా, పరీక్ష ఫీజులతో సహా అంచనా వేసి ఒకేసారి మంజూరు చేయించుకోండి.

5. దరఖాస్తు: ప్లస్‌వన్ వేసవి నుంచి

ఉమ్మడి ప్రోగ్రాములకు మొదటి ఏడాది విద్యార్థిగా నేరుగా యూనివర్సిటీకి దరఖాస్తు చేయాలి. ఓటీకాస్ అన్న కేంద్రీకృత పోర్టల్ డిగ్రీ అయ్యాక మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లకు. కొన్ని ఉమ్మడి ప్రోగ్రాములు మూడో ఏడాదిలో దాన్ని వాడమంటాయి. మధ్యలో బదిలీ అయి ఉమ్మడి ట్రాకులో చేరడం చాలా చోట్ల కుదరదు.

– ప్లస్‌వన్ ఏప్రిల్, మే: పరిశీలన గంటలు
– జూన్, జులై: ఆరు ప్రోగ్రాముల హ్యాండ్‌బుక్కులు, ప్రశ్నల ఈమెయిళ్లు
– ఆగస్టు, సెప్టెంబరు: టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్, శాట్ అడిగే చోట అది కూడా
– అక్టోబరు: వ్యాసం, సిఫార్సు లెటర్లు
– నవంబరు 1కి ముందే: ముందస్తు గడువున్నవి. ఓటీ సీట్లు తక్కువ, జనవరి దాకా ఆగితే మిగలకపోవచ్చు

మార్కుల జాబితాలు 9 నుంచి 12 దాకా నాలుగేళ్లవీ కావాలి. పదో తరగతి నెల్లూరులో, ప్లస్‌టూ అణ్ణానగర్‌లో చదివినవాళ్లు రెండు స్కూళ్ల నుంచీ ముద్ర వేయించుకున్న కవర్లు తెచ్చుకోవాలి. వేసవి సెలవుల్లో స్కూలు ఆఫీసులో ఎవరూ దొరక్కపోవచ్చు, అందుకే ఏప్రిల్లోనే అడగండి.

పేరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెన్నై స్కూలు సర్టిఫికెట్‌లో ఇనీషియల్ మాత్రమే ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడమరిచి ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరునే అన్నిచోట్లా అక్షరం మారకుండా వాడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. లేకపోతే అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అయిదేళ్ల తర్వాత బోర్డు పరీక్ష దగ్గర, లైసెన్సు దగ్గర ఆ మూడక్షరాలే మళ్లీ అడ్డం వస్తాయి.

వ్యాసంలో ‘సేవ చేయాలని ఉంది’ అన్న మాటతో మొదలుపెట్టకండి. మీ రిజిస్టరులో రాసుకున్న ఆ రెండు వాక్యాల్లోంచి ఒకటి తీసుకుని, థెరపిస్టు ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాయండి. చదివేవాళ్లకు కావాల్సింది అదే.

ఏజెంటు మాట కంటే ముందు మౌంట్ రోడ్డు అమెరికన్ కాన్సులేట్లోని ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ సలహా కేంద్రాన్ని అడగండి. మామూలు సమాచారానికి అక్కడ డబ్బు తీసుకోరు.

6. వీసా, ప్రయాణానికి ముందు టీకాలు

ఐ-20 (యూనివర్సిటీ పంపే వీసా అర్హత పత్రం) రాగానే 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు, డీఎస్‌-160 వీసా దరఖాస్తు, ఇంటర్వ్యూ. ‘ఓటీ ఏమిటి, ఎన్నేళ్లు, ఎవరు కడతారు’ అన్న మూడింటికీ రెండేసి వాక్యాల్లో జవాబు చెప్పగలగాలి. బ్యాచిలర్స్ దశ నుంచి మాస్టర్స్ దశకు మారేటప్పుడు కొత్త ఐ-20 తీసుకోవాలి. ఒకే యూనివర్సిటీ కదా అని మరచిపోతే వీసా స్టేటస్ పోతుంది.

టీకాల కాగితాలు చాలామంది పట్టించుకోరు, ఫీల్డ్‌వర్క్ ముందు వారం ఇరుక్కుంటారు.

– హెపటైటిస్ బి మూడు డోసుల తేదీలు
– ఎంఎంఆర్ రెండు డోసులు, చికెన్‌పాక్స్ టీకా లేదా యాంటీబాడీ పరీక్ష
– చిన్నప్పటి టీకాల కార్డు నకలు, డాక్టరు సంతకంతో
– టీబీ: మనవాళ్లకు బీసీజీ వేసి ఉంటుంది కనుక చర్మ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఇగ్రా అనే రక్త పరీక్ష చేయమని అడగండి. బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు

7. మొదటి మూడేళ్లు: జీపీఏ కాపాడుకునే వరుస

సబ్జెక్టులు దాదాపు అన్నిచోట్లా ఇవే: అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలు ల్యాబుతో, స్టాటిస్టిక్స్, జీవితకాల మనోవికాసం, అబ్నార్మల్ సైకాలజీ, సోషియాలజీ లేదా ఆంత్రోపాలజీ, మెడికల్ టెర్మినాలజీ. కొన్నిచోట్ల ఫిజిక్స్ లేదా కైనిసియాలజీ.

అనాటమీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ మూడూ ఒకే సెమిస్టర్లో పెట్టుకోకండి. మన పిల్లలు సైన్సులో గట్టిగా ఉండి, సైకాలజీ, సోషియాలజీల్లో తడబడతారు. అక్కడ బట్టీ పనికిరాదు, వారం వారం చదివి రాయాలి. జీపీఏ జారేది అక్కడే. రెండో వారంలోనే రైటింగ్ సెంటర్‌కు వెళ్లడం మొదలుపెట్టండి.

మధ్యంతర పరీక్షలో సీ వచ్చిందనుకోండి. కోర్సు వదిలేసే చివరి తేదీ లోపు ఓటీ సలహాదారును కలవండి. వదిలేయాలా, ఉంచుకోవాలా అన్నది హ్యాండ్‌బుక్ షరతును బట్టి మారుతుంది. ఇంటర్నేషనల్ ఆఫీసును అడగకుండా వదిలేస్తే కనీస క్రెడిట్లు తగ్గి వీసాకు చిక్కొస్తుంది. ఇద్దర్నీ అదే రోజు అడగాలి.

8. ప్రొఫెషనల్ దశ, ఫీల్డ్‌వర్క్

లెవల్ వన్ ఫీల్డ్‌వర్క్ పరిచయం వంటిది, తరగతులతోపాటు సాగుతుంది. లెవల్ టూ అసలైనది: కనీసం 24 వారాలు పూర్తికాలం, మామూలుగా 12 వారాల చొప్పున రెండు చోట్ల. ఓటీడీ అయితే దానిపైన 14 వారాల చివరి ప్రాజెక్టు, అంటే క్యాప్‌స్టోన్. ఎఫ్‌-1 వాళ్లకు దీనికి సీపీటీ, అంటే చదువులో భాగమైన పనికి అనుమతి కావాలి, మొదటి రోజుకు ముందే. పూర్తికాలం సీపీటీ 12 నెలలకు చేరితే ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, పోతుంది. 24 వారాలైనా, క్యాప్‌స్టోన్‌తో కలిపి 38 వారాలైనా ఆ హద్దు లోపలే ఉంటారు, కంగారు పడకండి.

ఫీల్డ్‌వర్క్‌లో ఫెయిలయ్యేది తెలివి తక్కువై కాదు, అడగకపోవడం వల్ల. సూపర్‌వైజరు తప్పు చెప్పగానే తల వంచుకుని సరేనని వచ్చేయడం మనకు మర్యాద, అక్కడ అది అర్థం కాలేదన్న గుర్తు. ప్రతి శుక్రవారం మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: ఏది బాగా చేశాను, ఏది మార్చుకోవాలి, వచ్చే వారం ఎంతమంది రోగుల్ని నేను చూడాలి? ఆరో వారం మధ్యంతర మూల్యాంకనం లోపే లోపాలు బయటపడితే సరిదిద్దుకోవడానికి ఇంకో ఆరు వారాలుంటాయి.

9. పరీక్ష, లైసెన్సు, ఆ తర్వాతి వీసా

ఎన్‌బీసీఓటీ పరీక్షలో స్కేలు మార్కులు 300–600 మధ్య ఉంటాయి, 450 వస్తే పాస్. పాసయ్యాక ఏ రాష్ట్రంలో పనిచేస్తారో ఆ రాష్ట్ర లైసెన్సు.

ఇక్కడ తేదీలు జాగ్రత్త. ఓపీటీ 12 నెలలు. ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు కనుక పొడిగింపు ఆశ పెట్టుకోకండి. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మొదలయ్యే తేదీ మీరే ఎంచుకోవచ్చు, కోర్సు ముగిశాక 60 రోజుల లోపు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు. పరీక్ష, ఫలితం, లైసెన్సు... ఇవన్నీ ఆ రోజుల్ని తినేస్తాయి. అందుకని మొదలయ్యే తేదీని వీలైనంత ఆలస్యంగా పెట్టుకుని, పరీక్షను పట్టా రాగానే రాయండి. కొన్ని రాష్ట్రాలు ఫలితానికి ముందే తాత్కాలిక పర్మిట్ ఇస్తాయి, ఉద్యోగం వెతికే రాష్ట్రంలో ఉందేమో చూడండి.

హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకు వెళ్లేటప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్టులకు ఆరోగ్య వృత్తి ధ్రువపత్రం అదనంగా కావాలి. అమెరికాలోనే చదివినా సరే. దాన్ని ఎన్‌బీసీఓటీ గానీ సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (2025 నుంచి దాని పేరు ట్రూమెరిట్) గానీ ఇస్తుంది. ఉద్యోగం ఖాయమైన వారమే మొదలుపెట్టండి. ఇంకో మాట: ఫిజికల్ థెరపిస్టులు, నర్సులకు గ్రీన్‌కార్డు దారిలో ఉన్న ‘షెడ్యూల్ ఏ’ వెసులుబాటు ఆక్యుపేషనల్ థెరపిస్టులకు లేదు. ఉందని చెప్పి డబ్బు అడిగే కన్సల్టెన్సీతో అక్కడితో మాట ఆపేయండి.

తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలనుకుంటే 2021 చట్టం కింద రిజిస్టరులో నమోదు కావాలి. దానికి సిలబస్ వివరాలు, ఫీల్డ్‌వర్క్ గంటల ధ్రువపత్రం, ట్రాన్‌స్క్రిప్టు యూనివర్సిటీ ముద్రతో రెండేసి సెట్లు అక్కడుండగానే తీసి పెట్టుకోండి. పట్టా వచ్చిన నెలలో అడిగితే వారంలో ఇస్తారు, ఆరేళ్ల తర్వాత చెన్నై నుంచి అడిగితే ఈమెయిళ్లతోనే నెలలు గడుస్తాయి.